ఈశాన్యంలో ఎర్ర అక్షరాలు

కంప్యూటర్ తెరకి ఈశాన్యం ఎటు వస్తుందో చాలామందికి తెలీదు. నాకు తెలుసు. పైన కుడి మూల. పంజగుట్టలో ఒక మూడో అంతస్తు ఆఫీసులో నాకీ విద్య నేర్పారు, నేర్చుకున్న పాపానికి ఉద్యోగం పోగొట్టుకున్నాను. ఇది జరిగి చాలా ఏళ్ళయింది. అమీర్‌పేట మీదుగా ఇప్పుడు మెట్రో పోతోంది. నా కోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఇంకా ఎందుకే, తగ్గించుకో అంటాడు మా ఆయన. ఎందుకు తగ్గించుకోవాలో ఆయనా చెప్పలేడు.

మాది చిన్న కంపెనీ. ఇంగ్లండులో మందుల దుకాణాలున్న ఒక సంస్థ మా క్లయింటు. అక్కడి డాక్టర్లు రాసే మందుల చీటీలు కొన్ని పెద్ద కంప్యూటర్లలోంచి ఆ దుకాణాలకి వెళ్ళేవి. ఆ కంప్యూటర్లు సరిగ్గా నడుస్తున్నాయా లేదా అని ఇక్కడ కూర్చుని కనిపెట్టుకుని ఉండడం మా పని. అవి ఆగితే అక్కడెవరో ముసలాయన బీపీ మాత్రల కోసం కౌంటరు ముందు నిలబడిపోతాడు. నేను ఆ ముసలాయన్ని ఎప్పుడూ చూడలేదు గానీ, ఆయన నా బాధ్యత అనే అనుకునేదాన్ని. ఇప్పుడు చెప్తే నవ్వొస్తుంది. అప్పుడు నిజంగా అలాగే అనుకున్నాను.

పని నేర్చుకున్నది అమీర్‌పేటలోనే. డిగ్రీ అయ్యాక ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో దిగి, ఫ్రీ డెమో క్లాసులన్నీ తిరిగి, చివరికి జిరాక్స్ సెంటరు పైనున్న ఒక ఇన్‌స్టిట్యూట్‌లో యూనిక్స్ కోర్సులో చేరాను. ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురం కూర్చునేవాళ్ళం. కీబోర్డు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకే విద్య వచ్చేది. నేను కీబోర్డు వదిలేదాన్ని కాదు, అందుకని నాకు గయ్యాళి అని పేరు. ఆ పేరు తప్పేం కాదు.

ఉద్యోగంలో చేరాక ప్రతి పొద్దునా అదే తంతు. ఒక్కో సీటువాళ్ళం అక్కడి ఒక్కో యంత్రాన్ని చూసుకోవాలి. రాగానే తెర మీద నల్ల కిటికీలు నాలుగు తెరవాలి. ఒకదాంట్లో డాక్టర్ల నుంచి వచ్చే చీటీల ఆర్డర్లు, ఒకదాంట్లో యంత్రం చూపే తప్పులు, ఇంకోదాంట్లో అక్కడి యంత్రం మీద ఎంత భారం పడుతోందన్న లెక్క, నాలుగోది మనం కమాండ్లు కొట్టడానికి. నాలుగింటికీ విడివిడిగా పాస్‌వర్డ్ కొట్టి, ఒకదాని మీద ఒకటి పడకుండా మౌస్‌తో లాగి సర్దుకోవాలి. అంతా అయి, హమ్మయ్య అనుకునేసరికి కరెంటు పోయేది. మా యూపీఎస్ పేరుకే యూపీఎస్. కింద జనరేటర్ అందుకునే లోపలే కంప్యూటర్ ఆరిపోయేది. మళ్ళీ ఆన్ చెయ్యడం, మళ్ళీ నాలుగు కిటికీలు. ఎండాకాలంలో ఈ పనే ఉద్యోగంలా ఉండేది.

ఒళ్ళు మండి ఒకరోజు కూర్చున్నాను. తెరను ముక్కలుగా పంచే ప్రోగ్రాం ఒకటుందని ఇన్‌స్టిట్యూట్‌లో విన్నాను. కంప్యూటర్ ఆన్ అవ్వగానే నల్ల తెర దానంతటదే తెరుచుకుని, దానంతటదే నాలుగు భాగాలై, ఏ భాగంలో ఏది రావాలో అది వచ్చేలా చిన్న ఫైలు రాశాను. మొదటిసారి బొక్కబోర్లా పడ్డాను. తెరుచుకున్న ప్రతి భాగమూ తాను కొత్త తెరనే అనుకుని, మళ్ళీ నా ఫైలునే చదివి, మళ్ళీ నాలుగు ముక్కలవ్వడం మొదలుపెట్టింది. ముక్కలో ముక్కలు, ఆ ముక్కల్లో ముక్కలు. కంప్యూటర్ కొయ్యబారిపోయింది. ఇప్పటికే లోపల ఉంటే మళ్ళీ తెరవకు అని ఒక షరతు రాస్తే గానీ దారికి రాలేదు.

ఆ తర్వాత కరెంటు పోయినా నాకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. ఆన్ చేసి, టీ తెచ్చుకునేసరికి నాలుగు భాగాలూ సిద్ధంగా ఉండేవి. పైన ఎడమవైపు ఆర్డర్లు, పైన కుడివైపు తప్పులు ఎర్ర అక్షరాలతో, కింద మిగతా రెండూ. తప్పుల భాగాన్ని కావాలనే పెద్దదిగా పెట్టాను. మనిషి పక్కకి వెళ్ళొచ్చినా ముప్ఫై వరసలు తెర మీదే నిలిచి ఉంటాయి, వచ్చి చదువుకోవచ్చు. ఫైలు పైవరసలో నా పేరు రాసుకున్నాను. చిన్న గర్వం. ఇల్లు కట్టుకున్నవాళ్ళు గేటు మీద పేరు వేయించుకోరా.

మా ఎండీ గారు అటుగా వస్తూ చూశారు. ఆయనది గుంటూరు వైపు. రియల్ ఎస్టేట్ చేసి, సాఫ్ట్‌వేర్ బూమ్ చూసి ఇటు వచ్చారు. కంప్యూటర్ గురించి ఆయనకేమీ తెలియదు, తెలియదని దాచుకునేవారూ కాదు.

"ఏంటమ్మా ఇది, నువ్వే చేశావా?" అన్నారు.

"అవునండి. ఆన్ చెయ్యగానే అదే వచ్చేస్తుంది."

"భలే ఉందే. అన్ని సీట్లకీ పెట్టెయ్."

అన్ని సీట్లకీ పెట్టాను. ఆఫీసుకి ఎవరొచ్చినా మా గదిలోకి తీసుకొచ్చి, ఒక కంప్యూటర్ ఆపించి, మళ్ళీ ఆన్ చేయించి చూపించేవారు. "మా కంపెనీ సొంత సిస్టమ్ అండి" అని చెప్పేవారు. సొమ్మొకడిది సోకొకడిది అనుకునేదాన్ని గానీ, ఆ మాట విన్నప్పుడు నాకూ సంతోషంగానే ఉండేది.

ఇంతలో ఇంగ్లండు వాళ్ళు వచ్చే ఏడు కాంట్రాక్టు కొనసాగించాలా వద్దా అని నసగడం మొదలుపెట్టారు. ఇంకొకరైతే పనిలో ఎక్కడ తేడా వస్తోందో చూస్తారు. మా ఎండీ గారు శ్రీనగర్ కాలనీ నుంచి వాస్తు సిద్ధాంతి గారిని కారు పంపి పిలిపించారు.

ఆయన దిక్సూచి పట్టుకుని ఆఫీసంతా తిరిగారు. తలుపు మార్చమన్నారు, మార్చారు. మంచినీళ్ళ క్యాను జరపమన్నారు, జరిపారు. ఆడవాళ్ళ టాయిలెట్ ఈశాన్యంలో ఉంది, మూసెయ్యమన్నారు. ఆ సాయంత్రమే దానికి తాళం పడింది. మగవాళ్ళది నిక్షేపంగా ఉంది. మేం మాత్రం ఒక అంతస్తు దిగి, కింద ఆఫీసు వాళ్ళ దగ్గర తాళంచెవి అడిగి తెచ్చుకోవాలి. ఆ తాళంచెవి ఎప్పుడు ఎవరి దగ్గర ఉంటుందో ఆ దేవుడికే తెలియాలి. మేం గోల చేస్తే "కొన్నాళ్ళు సర్దుకోండమ్మా" అన్నారు ఎండీ గారు. ఈ సర్దుకోండి అన్న మాట ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళు ఉండి ఉండరు.

పోతూ పోతూ సిద్ధాంతి గారు నా తెర ముందు ఆగారు. కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"ఈశాన్యంలో ఎరుపు" అన్నారు ఎండీ గారితో. "ఈశ్వరుడి స్థానంలో నిప్పు పెట్టుకుని కూర్చున్నారు. కాంట్రాక్టు ఎలా నిలుస్తుందండీ?"

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు ఊరుకోలేదు. "సార్, తెర నిలబడి ఉంది కదా. దాని పైవైపు ఆకాశం, ఉత్తరం కాదు" అన్నాను.

"పటంలో ఉత్తరం ఎటమ్మా?"

"పైన."

"మరి?"

ఎండీ గారు నేను ఓడిపోయినట్టే నావైపు చూశారు. నేను వదల్లేదు. "పోనీ నిజం దిక్కులే చూడండి. నేను దక్షిణం వైపు తిరిగి కూర్చున్నాను. నా కుడిచేతి వైపు పడమర అవుతుంది, ఈశాన్యం ఎలా అవుతుంది?" అన్నాను.

"పెద్దాయన చెప్తుంటే ఎదురు మాట్లాడతావేంటమ్మా" అన్నారు ఎండీ గారు. "మారిస్తే నీ సొమ్మేం పోయింది?"

మార్చాను. సిద్ధాంతి గారు కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుని దగ్గరుండి మార్పించారు. ఈశాన్యం ఖాళీగా, విశాలంగా ఉండాలి. అందుకని పైన కుడివైపు ఏమీ లేని నల్ల భాగం, అన్నిటికంటే పెద్దది. నైరుతిలో బరువుండాలి, ఆర్డర్లు అక్కడికి. వాయవ్యంలో కమాండ్లు. నిప్పు ఆగ్నేయంలో ఉండొచ్చు కాబట్టి తప్పుల్ని కింద కుడి మూలకి తోశాం. అక్కడ మిగిలిన చోటే కొంచెం, దాన్ని యంత్రం భారం చూపే లెక్కతో పంచుకోగా తప్పులకి దక్కింది మూడు వరసలు. కొత్త తప్పు రాగానే పాతది పైకి జరిగి కనిపించకుండా పోతుంది. ముప్ఫై వరసల చోట మూడు. సిద్ధాంతి గారు తృప్తిగా తలాడించి కాఫీ తాగి వెళ్ళారు.

నా సీటులోనే రెండో షిఫ్టు చేసే అన్న ఒకాయన ఉండేవాడు. సిద్దిపేట వైపు మనిషి, మంచివాడే. ఆయనతో మొర పెట్టుకున్నాను.

"గా మూడు లైన్లల్ల ఏం కనిపిస్తదన్నా?"

"గా పెద్దాయన చెప్పిండు, సార్ సరే అన్నడు. మనకెందుకు చెల్లె, జర సర్దుకో."

"ఏమన్న అయితె మనల్నే అంటరు."

"ఏం గాదు. కనిపించకపోతె మనకేం ఫికర్ ఉండది."

ఎండీ గారి గదికీ వెళ్ళాను. ఆ భాగాన్ని కాస్త పెద్దది చెయ్యనివ్వండి, ప్రమాదం అని చెప్పాను. కాంట్రాక్టు తేలనివ్వు, చూద్దాం అన్నారు. విచిత్రం ఏమిటంటే కాంట్రాక్టు కొనసాగింది. ఇంక ఆయన్ని పట్టేవాళ్ళెవరు. ప్రతి శుక్రవారం అగరొత్తులు తిప్పుతూ వచ్చి, ప్రతి తెరకీ ఈశాన్యం ఖాళీగా ఉందో లేదో చూసుకునేవారు. నేను ఒకసారి చాటుగా తప్పుల భాగాన్ని పెంచితే, ఆయన కనిపెట్టి అందరి ముందూ కేకలేశారు. ఆ ఖాళీ నలుపు వైపు రోజంతా చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో చెప్పలేను. కావలసిన చోటు కళ్ళ ముందే ఉంది, కూర్చోనివ్వరు.

అనుకున్నంతా అయింది. మధ్యాహ్నం, అంటే ఇంగ్లండులో దుకాణాలు తెరిచే వేళ. నేను లేచి కిందికి వెళ్ళాను. ఎందుకంటే పై టాయిలెట్‌కి తాళం ఉంది. కింద తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని, వాళ్ళు భోజనం ముగించి చెయ్యి కడుక్కునే దాకా నిలబడి, పని చూసుకుని పైకి వచ్చాను. తెర చూశాను. మూడు వరసల్లోనూ మామూలుగా వచ్చే చిన్నాచితకా హెచ్చరికలే ఉన్నాయి. ఆర్డర్లూ వస్తూనే ఉన్నాయి, అంతా బాగానే ఉందనుకున్నాను. నేను లేనప్పుడు అక్కడి యంత్రంలో డిస్కు నిండిపోయిందని ఒకే ఒక్క వరస వచ్చి, తర్వాత వచ్చిన మూడు చిల్లర హెచ్చరికలు పైకి తోసేస్తే మాయమైపోయిందని నాకెలా తెలుస్తుంది. ఇంగ్లండు వాళ్ళు ఫోన్ చేసేదాకా తెలియలేదు. అప్పటికి ఆ యంత్రంలోంచి దుకాణాలకి వెళ్ళే చీటీలన్నీ ఒక పూట ఆగిపోయాయి.

మర్నాడు అందరినీ కూర్చోబెట్టారు ఎండీ గారు. "ఆ స్క్రీన్ ఎవరు పెట్టారు?" అని రెండో షిఫ్టు అన్నని అడిగారు.

అన్న నేల చూశాడు. "చెల్లెనే పెట్టింది సార్" అన్నాడు. అబద్ధం కాదు. ఫైలు మీద నా పేరే ఉంది.

"తప్పుల్ని మూడు వరసలకి కుదించమన్నది మీరు కదండి" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "పెద్దది చేస్తానని మీ గదికి వచ్చి అడిగాను కూడా."

"నేను టెక్నికల్ మనిషిని కాదమ్మా. ప్రమాదమైతే నువ్వు గట్టిగా చెప్పాలి కదా" అన్నారాయన, నెమ్మదిగా, నిజంగానే బాధపడుతున్నట్టు.

గట్టిగా చెప్తే ఎదురు మాట. మెల్లగా చెప్తే చెప్పనట్టు. గదిలో అంతమంది ఉన్నారు. సిద్ధాంతి గారు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం చూడనివాళ్ళు లేరు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ అన్న మీద నాకొచ్చిన కోపం ఎండీ గారి మీద కూడా రాలేదు. ఆయనకి వాస్తు పిచ్చి, పిచ్చివాడు. ఈయనకి ఏ పిచ్చీ లేదు, అంతా తెలిసినవాడు.

నన్ను ఆ రోజే తీసేశారు. పోతే పోయింది, మూడేళ్ళు పనిచేశాను కదా, ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇవ్వండి చాలు అన్నాను. ఆ కాగితం లేకపోతే ఊళ్ళో ఏ కంపెనీ గుమ్మం తొక్కనివ్వదు. "క్లయింటు ముందు పరువు తీసి లెటర్ ఏంటమ్మా" అని ఫైలు మూసేశారు. వారాల తరబడి తిరిగాను. మెట్ల మీద కూర్చున్నాను, రిసెప్షన్‌లో కూర్చున్నాను. ఆయన బయటికి రాలేదు. నా మూడేళ్ళు ఆయన బీరువాలో ఉండిపోయాయి.

ఎక్కడికి ఇంటర్వ్యూకి వెళ్ళినా మొదట అడిగేది ఆ కాగితమే. హాస్టల్లో నా గదిలో ఉండే కాకినాడ అమ్మాయి చూసి చూసి విసుక్కుంది. "లెటర్ కోసం ఏడుస్తావేంటే, అమీర్‌పేటలో దొరకనిది ఏముంది?" అంది. డబ్బుకి అమ్మే దొంగ లెటర్ల గురించి విన్నప్పుడల్లా ఛీ అన్నదాన్ని నేను. ఊళ్ళో దొంగ అనుభవాలన్నీ బాగుపడుతుంటే నా నిజం అనుభవం రోడ్డున పడింది. వెళ్ళాను.

కర్రీ పాయింట్ మీద చిన్న గది. పంఖా కింద ఒకతను కూర్చుని ఉన్నాడు. "ఎన్నేండ్లు కావాలె మేడం?" అన్నాడు, కిలో ఎంత అన్నట్టు. మూడు అన్నాను. కంపెనీల పేర్లు చదివాడు. అందులో మా కంపెనీ పేరుంది.

"గిది మస్తు సేఫ్ మేడం" అన్నాడు నా ముఖం చూసి. "ఎంక్వయిరీకి ఫోన్ పోయినా ఆఫీసుల నుంచే అవునని చెప్తరు."

లెటర్ ఒకటి తీసి చూపించాడు. అదే కాగితం, అదే రంగు, కింద మా ఎండీ గారి సంతకం.

"ఈ సంతకం ఎవరిది?"

"సార్‌దే మేడం, ఒరిజినల్. డూప్లికేట్ దందా మనం చెయ్యం."

అరికాలి మంట నెత్తికెక్కింది. నేను మెట్ల మీద కూర్చున్నన్నాళ్ళూ ఆయన లోపల కూర్చుని వీటి మీద సంతకాలు పెడుతున్నాడన్నమాట. లెటర్‌తో పాటు మెటీరియల్ కూడా ఇస్తారట, ఆ కంపెనీలో రోజూ ఏం పని చేశామో ఇంటర్వ్యూలో తడుముకోకుండా చెప్పడానికి. జిరాక్స్ కాగితాలు నా ముందు పెట్టాడు. నా ఫైలు. ఒక్క అక్షరం మారలేదు, పైవరసలో నా పేరు మాత్రం తీసేశారు. కింద ఎవరో వివరణ కూడా రాశారు: పైన కుడి భాగం ఎల్లప్పుడూ ఖాళీగా ఉంచవలెను, ఇది కంపెనీ స్టాండర్డ్.

"నేను నిజంగనే ఆడ మూడేండ్లు చేసిన" అన్నాను.

"శానా బాగ చెప్తున్నరు మేడం" అన్నాడు. "ఇంటర్వ్యూల సుత గట్లనే చెప్పాలె."

కొన్నాను. నేను చేసిన ఉద్యోగాన్ని నేనే కొనుక్కున్నాను. మెటీరియల్ మాత్రం అక్కడే పారేసి వచ్చాను.

పంజగుట్టలోనే ఇంకో కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. ప్రశ్నలు అడిగినాయన నడివయసు మనిషి, మర్యాదస్తుడు. లెటర్ చూసి తలూపి, కంప్యూటర్ నావైపు తిప్పాడు. "మీ ఆఫీసులో పొద్దున్నే తెర ఎలా పెట్టుకునేవారో ఒకసారి చేసి చూపించండి" అన్నాడు.

ఇంతకంటే ఏం కావాలి నాకు. కాగితం చూడకుండా ఫైలంతా రాశాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. నల్ల తెర దానంతటదే తెరుచుకుని నాలుగు భాగాలైంది. ఆర్డర్ల బదులు వాళ్ళ దగ్గరున్నదేదో పెట్టాను. పైన కుడివైపు, ముప్ఫై వరసల విశాలంలో, తప్పులు ఎర్ర అక్షరాలతో వచ్చాయి. ఎన్నాళ్ళకో ఊపిరి ఆడినట్టయింది.

ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దమ్మా. మీరు ఆ కంపెనీలో పనిచెయ్యలేదు కదూ?"

"చేశానండి."

"ఆ కంపెనీ నుంచి మా దగ్గరికి చాలామంది వచ్చారు. ఇద్దరు ఇక్కడే పనిచేస్తున్నారు. అందరూ ఆ పై కుడి భాగం ఖాళీగానే వదిలేస్తారు. అది అక్కడి స్టాండర్డ్ అట. నిజంగా అక్కడ చేసినవాళ్ళెవరూ తప్పుల్ని అక్కడ పెట్టరు."

చెప్పాను. సిద్ధాంతి గారు, దిక్సూచి, తాళం పడ్డ టాయిలెట్, మూడు వరసలు, అంతా చెప్పాను. నా మాట నాకే కట్టుకథలా వినిపించింది. ఆయన జాలిగా విన్నాడు. ఆ జాలి ముందు మా ఎండీ గారి కేకలే నయం.

"ఆ లెటర్ పక్కన పడేద్దాం" అన్నాడు చివరికి. "చెయ్యి చురుగ్గానే ఉంది మీది. ఫ్రెషర్‌గా చేరతారా? పని మేం నేర్పిస్తాం."

హాస్టల్ నుంచి ఊరికి వెళ్ళిపోయే స్థితిలో ఉన్నాను. చేరతానన్నాను.

అప్లికేషన్ ఇచ్చారు. గత అనుభవం అన్న గడి దగ్గర పెన్ను ఆగితే, బల్ల అవతల కూర్చున్న అమ్మాయి "లేదు అని రాయండి" అంది. రాశాను. నొక్కిన నొక్కుడికి కాగితం చిరిగింది. ఇంకో కాగితం ఇచ్చారు. అందులోనూ అదే రాశాను.